పోర్ట్ హార్కోర్ట్ చేరిన మా రుమాళ్ళు

పోర్ట్ హార్కోర్ట్ ఊరిని నేను చాలా ఏళ్ళపాటు రోజూ చూశాను. పొద్దున్నే, కాఫీ కప్పు చేతిలో పట్టుకుని, ఆఫీసు స్క్రీన్ మీద. మూడక్షరాల కోడు, పక్కన ఒక ఆకుపచ్చ చుక్క. చుక్క పచ్చగా ఉంటే పైపులో క్రూడ్ పారుతోందని అర్థం. ఎర్రబడితే వాల్వ్ మూసుకుపోయి ఉండాలి, లేదా ఎవరో పైపుకి చిల్లు పెట్టి ఉండాలి, లేదా మా సాఫ్ట్‌వేర్ తప్పు చేసి ఉండాలి. మూడోదాన్ని మేము మీటింగుల్లో ఎప్పుడూ చర్చించలేదు. నైజీరియాలోని ఒక రేవు పట్నం గురించి, అక్కడి భూమిలోంచి వచ్చే నూనె గురించి హ్యూస్టన్‌లో కూర్చుని ఇంత తెలుసుకున్నందుకు నాకు కొంచెం గర్వంగానే ఉండేది. ఆ చుక్క కింద మనుషులు కూడా ఉంటారన్న సంగతి సిద్ధాంతరీత్యా తెలుసు.

ఆ మనుషుల్లో ఒకావిడ మా పక్కింట్లోనే ఉంటోందని తెలియడానికి ఆవకాయ కావలసివచ్చింది.

మాది హ్యూస్టన్‌కి పడమటివైపు ఉన్న కేటీ. నూనె కంపెనీల్లో పనిచేసేవాళ్ళు, వాళ్ళకి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు, ఈ ఇద్దరి పళ్ళూ బాగుచేసేవాళ్ళు ఉండే చోటు. మా వీధిలో ఇళ్ళన్నీ ఒకే మూసలో పోసినట్టుంటాయి. ఒకసారి మా ఆయన వేరేవాళ్ళ గరాజ్ ముందు కారాపి, తలుపు ఎందుకు తెరుచుకోవడం లేదా అని రిమోట్ నొక్కుతూ కూర్చున్నాడు. పక్కింటి ఆంటీ రిటైరైన నర్సు. అరవై దాటిన మనిషి, నిటారుగా నడుస్తుంది, ఎవరి ఇంటి ముందు గడ్డి పెరిగిందో ఆవిడకి తెలుసు. చెత్త డబ్బాలు బయటపెట్టే రోజు పలకరించుకునేవాళ్ళం. ఆవిడది నైజీరియా అని నాకు తెలుసు, నాది ఇండియా అని ఆవిడకి తెలుసు. మా వీధిలో ఈపాటి తెలిస్తే బంధుత్వం కిందే లెక్క.

ఆ ఏడు మా అమ్మ వచ్చింది. మాది చీరాల పక్కన వేటపాలెం, మగ్గం కుటుంబం. అమ్మ నడుం నొప్పి వచ్చేదాకా గుంట మగ్గం మీద కూర్చుంది. వచ్చాక కూడా కూర్చుంది. ఇక్కడికి వచ్చిన వారంలోనే ఇండియన్ స్టోర్‌లో దొరికిన మామిడికాయల్ని నాలుగు మాటలని, వాటితోనే ఆవకాయ పెట్టి, జాడీ మూతికి వాసెన కట్టి గరాజ్‌లో లాన్‌మోవర్ పక్కన పెట్టింది. వాసెన గుడ్డ ఇంటినుంచి తెచ్చుకున్న పాత రుమాలు. ఎరుపు, నీలం, తెలుపు గళ్ళది. మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉండే గుడ్డే.

ఆంటీ ఒకరోజు నిచ్చెన అడగడానికి మా గరాజ్‌లోకి వచ్చింది. వచ్చి నిచ్చెన సంగతి మరిచిపోయి జాడీ ముందు నిలబడిపోయింది. తర్వాత వంగి, మూతికి కట్టిన గుడ్డ కొసని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. ఆవకాయ వాసన చూసేవాళ్ళని నేను చాలామందిని చూశాను. వాసెన గుడ్డ వాసన చూసేవాళ్ళని చూడడం అదే మొదలు.

"ఇది ఇంజిరి," అంది. "అసలైనది. మా వాళ్ళలో పెద్దవాళ్ళు పోతే మంచం మీద ఇది పరుస్తాం. పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటాం. నువ్వు దీన్ని సీసాకి కట్టావా?"

నేను అమ్మకి చెప్పాను. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసి, "మనం నేసిందేగా. పాతబడితే దేనికైనా కడతాం. ఆవిడకేం నష్టం?" అంది.

చివరి వాక్యం నేను అనువదించలేదు.

పేరుకి అది చేతిరుమాలు. విప్పితే ఎనిమిది గజాలుంటుంది. అంతంత ముక్కులు ఎవరికుంటాయని చిన్నప్పుడు నాయనమ్మని అడిగితే, మద్రాసు షావుకార్లకి అంది. తానులు మద్రాసు వెళ్ళేవి, అక్కడ ఓడెక్కేవి. ఓడ ఎటు వెళ్ళేదో మా వీధిలో ఎవరికీ పట్టలేదు. తెలిసిందల్లా ఒకటే, ఆ గుడ్డ కట్టేవాళ్ళు మహా పట్టింపు మనుషులు. గళ్ళు మారకూడదు, రంగు మారకూడదు, ఒక్క పోగు జారినా తాను మొత్తం వెనక్కి వచ్చేది. తాను వెనక్కొచ్చిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. అమ్మ కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఒక తాను అలా వచ్చిందట, ఎర్ర పోగు ఒకటి తప్పిందని. ఇప్పటికీ ఎవరైనా ఆ మాటెత్తితే అమ్మకి వంటింట్లో పని గుర్తొస్తుంది. మా వాసెన గుడ్డలన్నీ అలా తిరిగొచ్చినవాటి ముక్కలే. ఆంటీ ముక్కు దగ్గర పెట్టుకున్నది కూడా బహుశా అందులోదే. అదీ నేను చెప్పలేదు.

ఆ పట్టింపు మనుషులు ఇన్నేళ్ళకి మా గరాజ్‌కి నిచ్చెన కోసం వచ్చారన్నమాట.

అప్పటినుంచి సాయంత్రాలు ఆంటీ మా వెనక వరండాలో టీ తాగడం అలవాటైంది. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆంటీకి తెలుగు రాదు, నాకు రెండూ వచ్చు గనక నా టీ ఎప్పుడూ చల్లారిపోయేది. అమ్మ ఆవిడని వదినగారూ అనేది. ఆవిడ అమ్మని సిస్టర్ అనేది. నేను లేనప్పుడు ఇద్దరూ ఎలా మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు గానీ, ఇంటికొచ్చేసరికి ఎవరి కోడలు ఎలాంటిదో ఇద్దరికీ తెలిసిపోయి ఉండేది.

ఆంటీ పుట్టింది కలబరి అనే తెగవాళ్ళ దీవిలో, పెరిగింది పోర్ట్ హార్కోర్ట్‌లో. ఆ ఊరిని నూనె ఊరు అంటే ఆవిడకి నచ్చదు. ఊరు నూనె కోసం పుట్టలేదు, బొగ్గు కోసం పుట్టింది. లోపలి కొండల్లో బొగ్గు దొరికితే, దాన్ని ఓడెక్కించడానికి తెల్లవాళ్ళు మడ అడవుల అంచున రేవు కట్టి, రైలు వేసి, లండన్‌లో కూర్చున్న ఒక మంత్రిగారి పేరు పెట్టారు. ఆయన ఎప్పుడైనా వచ్చి చూశాడా అని అమ్మ అడిగింది. వచ్చినట్టు తాను వినలేదని ఆంటీ అంది. వీధుల పక్కన చెట్లు నాటారు గనక తోటల నగరం అని పేరొచ్చిందట. ఆంటీ నాన్న ఆ రేవులో క్రేన్ నడిపేవాడు. ఇంతకీ ఆ ఊరు ఎవరిదని నేనడిగాను. నేల ఒకరిది, నీళ్ళు మావి, రైలు తెల్లవాళ్ళది, కిందున్న నూనె మాత్రం ఎవరిదో ఇంకా తేలలేదు అంది. ఆఫీసులో ఏళ్ళ తరబడి చూసిన స్లైడ్లన్నిటికంటే ఇది స్పష్టంగా ఉంది.

అసలు నూనె అంటే వాళ్ళకి ముందు పామాయిల్. రేవు కట్టకముందు, క్రూడ్ ఊసే లేనప్పుడు, కలబరి వర్తకపు ఇళ్ళవాళ్ళు పెద్ద పెద్ద పడవల మీద ఎర్రనూనె పీపాలు ఎక్కించి వాగుల వెంట ఓడలదాకా తీసుకెళ్ళి అమ్మేవాళ్ళు. బదులుగా ఓడవాళ్ళు ఇచ్చే సరుకుల్లో మన గుడ్డ ఉండేది. అంతకుముందు ఆ ఓడలు నూనెని కాదు, మనుషుల్ని ఎక్కించుకునేవి. అప్పుడూ గుడ్డలిచ్చేవాళ్ళు. ఆంటీ ఈ మాట దాచలేదు, తమ ముత్తాతల ఇళ్ళు అమ్మినవాళ్ళ వైపే ఉన్నాయని కూడా చెప్పింది. అమ్మ కప్పు కింద పెట్టి, "మన గుడ్డకేనా?" అని నన్నడిగింది. మనదీ అందులో ఉండి ఉండొచ్చన్నాను. టీ ముగ్గురం తాగాం గానీ ఆ రోజు బిస్కెట్లు ఎవరూ ముట్టుకోలేదు.

అంతర్యుద్ధం వచ్చినప్పుడు ఆంటీ చిన్నపిల్ల. ఊరు ఖాళీ చేసి పడవ ఎక్కుతుంటే వాళ్ళమ్మ ముందు గుడ్డల పెట్టె ఎక్కించి, తర్వాత పిల్లల్ని ఎక్కించిందట. పిల్లలు ఈదగలరు, పెట్టె ఈదలేదని ఆవిడ లెక్క. అమ్మకి ఈ లెక్క తెగ నచ్చింది. యుద్ధం అయ్యాక క్రూడ్ రోజులు. ప్రపంచంలోని భాషలన్నీ ఆ ఊళ్ళో దిగాయి, హోటళ్ళు లేచాయి, చెట్లు పడ్డాయి. ఊరి పక్కన రిఫైనరీ, ఊళ్ళో పెట్రోలు బంకు ముందు బారెడు క్యూ. ఈమధ్య కొన్నేళ్ళుగా ఆకాశం నుంచి మసి రాలుతోందనీ, ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగుకి వస్తాయనీ ఆంటీ చెప్పింది. ఆకుపచ్చ చుక్క గురించి నేను అప్పుడే చెప్పాను. ఆవిడ ఆసక్తిగా విని, ఆ చుక్క మసి రంగులో కూడా వస్తుందా అని అడిగింది. ఆ ఆప్షన్ లేదన్నాను.

కానీ ఆవిడ ఆ ఊరి గురించి ఎప్పుడూ దీనంగా మాట్లాడలేదు. రోడ్డు పక్కన బొగ్గుల మీద కాల్చిన అరటికాయ, కాల్చిన చేప, పైన కారం కలిపిన ఎర్రనూనె. దాన్ని బొలె అంటారు. అలాంటిది హ్యూస్టన్ మొత్తం తిరిగినా దొరకదని మా బార్బెక్యూ చూసి జాలిపడేది. తెప్పల పండగ గురించీ, నీటి దేవతల ముసుగులు కట్టి ఆడే ఆటల గురించీ చెప్పేటప్పుడు వరండాలోనే లేచి అడుగులు వేసి చూపేది. ఒక ఊరి గురించి మాట్లాడుతూ మనిషి అంత పొడుగవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక గుడ్డ సంగతి. ఆంటీ కూతురికి ఆ వసంతంలో మొదటి బిడ్డ పుట్టింది. కలబరి ఆడవాళ్ళలో బిడ్డని కన్న తల్లిని కొన్నాళ్ళు ఏ పనీ చెప్పకుండా ఇంట్లో కూర్చోబెట్టి, బాగా తినిపించి, తర్వాత ఒకరోజు పగడాలతో, మంచి గుడ్డలతో అలంకరించి నలుగురిలోకి తీసుకొస్తారు. ఇరియా అంటారు. ఊళ్ళో అయితే వీధి వీధీ తిరుగుతారు. ఇక్కడ ఒక శనివారం హాలు బుక్ చేసుకుంటారు. కూతురు పెట్రోలియం ఇంజనీరు, ఏ పనీ చెయ్యకుండా కూర్చోవడం తనకి కష్టంగా ఉందని చెప్పింది. బిడ్డ పుట్టిన ఇంట్లో ఏ పనీ లేకుండా కూర్చోవడమేమిటో నాకూ, అమ్మకీ అర్థం కాలేదు. మంచి దేశం అంది అమ్మ.

ఆ రోజు ఆ పిల్ల నడుముకి కట్టాల్సిన గుడ్డ ఒకటుంది. ఆంటీ వాళ్ళమ్మ చేసిన ఆఖరి గుడ్డ. ఆ పెద్దావిడ ఇంకా పోర్ట్ హార్కోర్ట్‌లోనే ఉంది, చూపు పూర్తిగా పోయింది, ప్రయాణం చెయ్యలేదు. ఆ గుడ్డ పని మీద కూర్చున్నన్నాళ్ళు కూర్చుని, అది అయ్యేసరికి కళ్ళు కూడా అయిపోయాయట. మనవరాలు అది కట్టుకుని నలుగురిలో నిలబడితే చాలు, తనూ వచ్చినట్టే అని ఆవిడ మాట. రోజూ ఫోన్ చేసి, గుడ్డ ఎండలో పెట్టారా, మడత మార్చారా అని అడిగేది.

ఆ పెద్దావిడ చేసిన పని ఏమిటో మా ఇంట్లో అప్పటికి ఎవరికీ తెలియదు. ఇప్పుడు చెబుతాను. వాళ్ళు మన రుమాలు కొని అలాగే కట్టుకోరు. మంచి చెయ్యి ఉన్న ఆడవాళ్ళు సూది మొనతో ఒక్కొక్క పోగునీ పైకి లేపి, బ్లేడుతో కోసి, బయటికి లాగేస్తారు. పడుగులో కొన్ని, పేకలో కొన్ని. తీసిన చోట్ల వెలుతురు దూరుతుంది, మిగిలిన చోట్ల గుడ్డ నిలుస్తుంది, అలా గళ్ళ మీద కొత్త బొమ్మ తేలుతుంది. ఈ పెద్దావిడది తాబేటి వీపు గీత. అలా కోసిన గుడ్డకి నేసిన గుడ్డ కంటే గౌరవం ఎక్కువ. క్లుప్తంగా చెప్పాలంటే, ఒక్క పోగు జారిందని మా తాను వెనక్కి పంపిన మనుషులే, మంచి తాను చేరగానే కూర్చుని పోగులు లాగేవాళ్ళు.

ఇరియాకి వారం ముందు ఆంటీ ఆ గుడ్డని అమ్మకి తెచ్చి ఇచ్చింది. నేను ఆఫీసులో ఉన్నాను. ఒక కొసన అంచు చిరిగింది, అది కుట్టిపెట్టమని చిరుగు చూపించి సైగ చేసింది. అమ్మ తల ఊపింది. భాష లేకపోయినా ఇద్దరికీ పూర్తి ఏకాభిప్రాయం కుదిరింది. కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో విషయం మీద ఏకాభిప్రాయానికి వచ్చారు.

ఆ వారం నాకు ఒక ప్రాజెక్టు డెడ్‌లైన్. అమ్మ వరండా తలుపు దగ్గర వెలుతురులో కూర్చుని సూదితో ఏదో చేస్తుండడం వెళ్తూ వస్తూ చూశాను. అంచు కుడుతోందనుకున్నాను. ఏదో తేడాగా ఉందని ముందు కనిపెట్టింది మా ఆయన. ఆయనది వరంగల్.

"జాడీకి గిదేంది, పేపర్ టవల్ కట్టిన్రు?" అన్నాడు.

వాసెన గుడ్డ ఏమైందని అడిగితే, ఉతికి పోగులు తీసుకున్నానని అమ్మ చెప్పింది. రంగు కలవాలంటే అదే గుడ్డలోంచి తియ్యాలి కదా అంది. దేనికి అన్నాను. అప్పుడు ఒళ్ళో ఉన్నది పైకెత్తి చూపించింది. ఆ ముఖంలో నేను టెన్త్‌లో ఫస్ట్ వచ్చినప్పుడు కూడా చూడని వెలుగు.

"ఎక్కడ అతికానో చెప్పు చూద్దాం," అంది. "ఎవరు నేశారో గానీ, గుడ్డంతా పోగులు జారినయ్యి. ఎలకలన్నా కొట్టుండాలి. ఆ పిల్ల ఇట్టాంటిది కట్టుకుని నలుగురిలోకి పోతే మన గుడ్డకేం మర్యాద?"

ఎక్కడ అతికిందో నేను చెప్పలేకపోయాను. గుడ్డలో సగం నిండుగా, మగ్గం దిగి వచ్చిన రోజులా ఉంది. చిరిగిన అంచు మాత్రం అలాగే ఉంది. అది ఆఖర్న చిన్న పని అని ఉంచిందట. నాకప్పటికి అసలు సంగతి తెలియదు గనక నేనూ గర్వపడ్డాను. మిగిలిన సగం శుక్రవారానికల్లా అయిపోతుందని అమ్మ హామీ ఇచ్చింది.

గురువారం పొద్దున ఆంటీ వచ్చింది. ఆ రోజు నేను ఇంటినుంచే పనిచేస్తున్నాను, అది ఎవరి అదృష్టమో ఇప్పటికీ తేల్చుకోలేదు. అమ్మ గుడ్డ అందించింది. ఆంటీ కిటికీ వైపు తిరిగి దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ఒకవైపు తాబేటి వీపంతా సూది మొనలంత చుక్కలుగా వెలిగింది. రెండోవైపు వట్టి గళ్ళు. ఆవిడ గుడ్డని నెమ్మదిగా దించి దగ్గరున్న కుర్చీలో కూర్చుంది. కోప్పడలేదు. నర్సులకి అలవాటైన గొంతుతో, ఇది ఎవరు చేశారని అడిగింది.

అప్పుడు తెలిసింది మాకు. ఆవిడ చెప్పింది నేను అమ్మకి చెప్పాను. ఈసారి ఒక్క వాక్యం కూడా వదల్లేదు. అమ్మ నమ్మలేదు. మళ్ళీ చెప్పమంది.

"కావాలని తీశారా?" అంది. "నేసినదాంట్లోంచి?"

అవునన్నాను. అమ్మ ముఖం ఎర్రబడింది. తప్పు చేసినందుకు కాదని చూడగానే తెలిసింది. ఒక్క పోగు కోసం తానుకి తాను వెనక్కి పంపినవాళ్ళు చేసే పని ఇదా అని అడగమంది. నేను కొంత మెత్తబరిచి అడిగాను. ఆంటీ, తనమ్మ ఒక వానాకాలమంతా కిటికీ దగ్గర కూర్చుని చేసిన పని సిస్టర్ వారంలో పూడ్చేసిందని చెప్పమంది. అదీ మెత్తబరిచాను. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడం మానేసి నన్ను చూడడం మొదలుపెట్టారు. ఎవరూ క్షమాపణ అడగలేదు. ఇద్దరిలో ఎవరు అడిగినా రెండోవాళ్ళు అవమానంగా తీసుకునేవాళ్ళని నాకు అనిపించింది.

అంతలో ఆంటీ ఫోన్ మోగింది. అక్కడ సాయంత్రం, రోజూ వాళ్ళమ్మ ఫోన్ చేసే వేళ. ఆంటీ ఫోన్ వైపు చాలాసేపు చూసి, ఎత్తి స్పీకర్లో పెట్టింది. గుడ్డ ఎలా ఉందని పెద్దావిడ అడిగినట్టుంది. ఆంటీ జరిగింది చెప్పింది, ఆ భాష నాకు రాదు గానీ గొంతు ఎక్కడ తగ్గిందో తెలిసింది. అవతల నుంచి జనరేటర్ మోత వినబడింది. తర్వాత పెద్దావిడ ఏదో అడిగింది. అతుకు నీ వేలికి తెలుస్తోందా అని అడుగుతోందని ఆంటీ నాతో అంది. గుడ్డ ఒళ్ళో పరుచుకుని, కళ్ళు మూసుకుని, వేలితో సగందాకా రాసి చూసి, తెలియడం లేదని వాళ్ళమ్మతో చెప్పింది.

పెద్దావిడ చిన్నగా దగ్గి, నాలుగు మాటలంది. ఆంటీ ఇంగ్లీషులో నాకు, నేను తెలుగులో అమ్మకి చెప్పాం.

"నేను కోసేటప్పుడు నేసినవాళ్ళని అడగలేదు. ఆవిడ పూడ్చేటప్పుడు నన్నడగలేదు. ఆ పోగులు ఆవిడ చేతికే తెలుస్తాయి, ఆవిడనే తియ్యమను."

అమ్మ ముందు పెద్దావిడ వయసెంతని అడిగింది. తర్వాత, పుట్టిన దగ్గర్నుంచీ పోగు పెట్టడమే గానీ తియ్యడం నాకు చేతకాదు, వదినగార్ని చూపించమను అంది.

ఆంటీ ఇంటికెళ్ళి బ్లేడు తెచ్చింది. ఒక పోగు ఎలా లేపాలో, ఎలా కోసి లాగాలో చూపించింది. అంతే, రెండో పోగు నుంచి పని అమ్మ చేతిలోకి వెళ్ళిపోయింది. వరండాలో ఇద్దరూ గుడ్డని రెండు కొసలా పట్టుకుని కూర్చున్నారు. నేను లాప్‌టాప్ పెట్టుకుని మీటింగ్‌లో ఉన్నట్టు నటిస్తున్నాను. పోగు తర్వాత పోగు వస్తుంటే గళ్ళ కింద నుంచి తాబేటి వీపు మళ్ళీ తేలుతోంది. పొద్దున కోపంగా కూర్చున్న అమ్మ, మధ్యాహ్నానికి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది. పక్కపోగు కదలకుండా పెద్దావిడ ఈ ఒక్కటీ ఎట్టా తీసింది? గీత వంకర తిరిగేచోట పడుగు వదిలి పేక ఎందుకు పట్టుకుంది? చూపు సన్నగిల్లాక ఎట్టా కుదిరింది? ఆంటీకి అన్నిటికీ జవాబులు తెలియవు. తెలియని చోట, మా అమ్మని నువ్వే అడుగు అంది. అమ్మ అడగాల్సినవి వరసగా గుర్తుపెట్టుకోమని నాకు చెప్పింది.

శుక్రవారం సాయంత్రానికి చిరిగిన అంచుతో సహా అంతా అయింది, ఒక్క గడి తప్ప. ఆ గడిలో అమ్మ ఆగిపోయింది. సూది మొనతో అటూ ఇటూ కదిపి చూసింది. ఏది తన పోగో, ఏది నేతలో పోగో తనకే తెలియడం లేదంది. తప్పు పోగు లాగితే పెద్దావిడ గీత తెగిపోతుంది, ఆ గీతని మళ్ళీ గీయగల చెయ్యి ఇక లేదు. అమ్మ సూది పక్కన పెట్టేసింది. ఆంటీ కూడా బలవంతం చెయ్యలేదు. హాలులో ఎవరికీ తెలియదులే అంది. ఆ మాట ఆవిడ నమ్మలేదని ఆవిడ గొంతే చెప్పింది. ఎందుకంటే బాలింతని అలంకరించి బయటికి తీసుకురాకముందు పెద్ద ముత్తైదువల్లాంటి ఆడవాళ్ళు గుడ్డని పరీక్షిస్తారు. పూర్వం ఎవరి గుడ్డ ఏ ఇంటిదో, ఎవరి చెయ్యో చూసి చెప్పేవాళ్ళు. వాళ్ళు బాగాలేదంటే అది ఆ రోజుకి పక్కన పెట్టేసినట్టే.

శనివారం హాలులోకి అడుగు పెట్టగానే అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. బల్లల చుట్టూ, గోడల వెంట, వంటల దగ్గర, ఎక్కడ చూసినా రుమాళ్ళే. ఎర్రగళ్ళు, నీలిగళ్ళు, నడుములకి, భుజాలకి, తలలకి. కొన్ని పాతవి, మా ఇంట్లో అందరూ గుర్తుపట్టే గళ్ళు. మా వీధి మొత్తం ఒకే రోజు ఆరేసినట్టుంది. అమ్మ చీర కొంగు సర్దుకుని, ఎవరూ చూడడం లేదనుకుని, పక్కన నిలబడ్డ పెద్దాయన నడుముకున్న గుడ్డ అంచు రెండు వేళ్ళతో పట్టి చూసింది. ఆయన చూశాడు. అమ్మ తల ఊపింది, బాగుందన్నట్టు. ఆయనకీ ఎందుకో సంతోషమేసింది.

లోపలి గదిలో ఆంటీ కూతురు పగడాలు వేసుకుని కూర్చుని ఉంది. ముగ్గురు ముసలమ్మలు గుడ్డ చూస్తున్నారు. వాళ్ళలో అందరికంటే వయసైన ముసలావిడ చేతికర్ర పక్కన పెట్టి, గుడ్డని దగ్గరికి తెచ్చుకుని వాసన చూసి, వెలుతురుకి ఎత్తి, తర్వాత వేళ్ళతో ఒక్కో గీతా తడుముతూ వచ్చింది. ఆ గడి దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చి అక్కడే ఆగింది. కూతురు నా వైపు చూసింది, నేనేదో చెయ్యగలిగినట్టు. ఇది ఎవరి చెయ్యని ముసలావిడ అడిగింది.

ఆంటీ చెప్పింది, దాచకుండా. అమ్మని చూపించింది. ముసలావిడ రమ్మంది. అమ్మ వెళ్ళి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ముసలావిడ అమ్మ కుడిచెయ్యి తీసుకుని, తిప్పి, చూపుడువేలి పక్కన మగ్గం వల్ల గట్టిపడిన చోట తన బొటనవేలు పెట్టి నొక్కి చూసింది. డాక్టరు నాడి చూసినంతసేపు చూసింది. తర్వాత ఇంగ్లీషులో, మాకు కూడా అర్థం కావాలని కాబోలు, మెల్లగా అంది.

"కోసింది మా చెయ్యి. ఇది నేసిన చెయ్యి. ఈ గడి ఎవరూ ముట్టుకోవద్దు, ఇట్లాగే కట్టండి."

నేను అమ్మకి చెప్పాను. అమ్మ తల ఊపింది, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ పిల్ల ఆ గుడ్డ కట్టుకుని డప్పుల మధ్య నడిచి వచ్చింది. హాలులో ఏసీ కంటే డప్పులు గట్టిగా పనిచేశాయి. ఆంటీ ఫోన్ ఎత్తి పట్టుకుంది, అవతల చూడలేని మనిషికి వినిపించడానికి. డప్పులు తగ్గాక పెద్దావిడ ఒక్కటే అడిగిందట, పిల్ల కిటికీ ముందు నుంచి నడిచినప్పుడు గుడ్డలోంచి వెలుతురు దూరిందా అని. దూరిందని ఆంటీ చెప్పింది. చెబుతూనే ఏడ్చింది, నర్సు గొంతు ఏమైపోయిందో తెలియదు.

ఇంటికి డ్రైవ్ చేస్తుంటే అమ్మ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళుగా తిరిగొచ్చిన తానుల గురించే విన్నాను గానీ, తిరిగిరాని వాటిని ఎవరు కట్టుకున్నారో ఇవాళే చూశానంది. ఫ్రీవే దిగుతుండగా తన మనసులో ఉన్నది బయటపెట్టింది.

"అన్ని పోగులు లాగేసినా గుడ్డ నిలబడింది, చూశావా? పెద్దావిడకి ఫోన్ చేసినప్పుడు ఆ మాట కూడా చెప్పు. నేత గట్టిది కాబట్టే గదా ఆవిడ కోయగలిగింది."

చెబుతానన్నాను. మెత్తబరచవద్దని కూడా అంది.